వంతులవారీ యుద్ధం: ఫైనల్ ఫాంటసీ ఆటల కథ

మన ప్రాంతంలో పద్యనాటకం చూడనివాళ్ళు అరుదు. వినాయక చవితి పందిట్లోనో, అమ్మవారి పండుగలోనో రాత్రి పొద్దుపోయాక మొదలై తెల్లవారేదాకా సాగే "కురుక్షేత్రం"లో ఒక విచిత్రం వున్నది. గమనించారా? శత్రువు గద భుజాన వేసుకొని ఎదురుగా నిలబడి వుంటాడు. ఇవతలి పాత్రధారి పద్యం ఎత్తుకుంటాడు. రాగం తీస్తాడు. జనం "వన్స్ మోర్" అంటే మళ్ళీ మొదటినుంచీ పాడతాడు. అంతసేపూ శత్రువు కదలడు. మధ్యలో వచ్చి గదతో ఒక్కటి వెయ్యడు. పద్యం పూర్తయ్యాకే అతని వంతు. ఇదేం యుద్ధమయ్యా అని మనలో ఎవ్వరూ అడగరు. ఆ ఆగడంలోనే నాటకం వున్నదని మనకు తెలుసు.

జపాను దేశంలో సరిగ్గా ఇలాంటి యుద్ధంతోనే ఒక వీడియో ఆటల వరుస మొదలైంది. పేరు ఫైనల్ ఫాంటసీ. 1987 డిసెంబరు 18న మొదటి ఆట, 2023 జూన్ 22న పదహారవది వచ్చాయి. ఈ ముప్పై ఆరేళ్ళలో అది తన యుద్ధరీతిని మార్చుకుంటూ, మార్చుకుంటూ, చివరకు వంతులను పూర్తిగా వదిలేసింది. దాంతో అభిమానులు రెండు వర్గాలైపోయారు. "ఇది ఇంకా ఫైనల్ ఫాంటసీయేనా?" అని ఒకరు, "ఎప్పుడూ మారడమే దాని స్వభావం" అని మరొకరు. ఈ తగాదా బయటివాళ్ళకు చిన్నపిల్లల గొడవలా కనబడవచ్చు. కాని ఒక వస్తువులో ఏది మారితే అది వేరే వస్తువైపోతుంది అన్న ప్రశ్న మన లాజిక్ లెక్చరర్లకు కూడా పాతదే గదా! అందుకే ఈ నాలుగు పేజీలు.

ముందుగా, ఆడనివారికోసం రెండు మాటలు. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే పాత్ర ధరించి ఆడే ఆట. కథ వుంటుంది, ప్రయాణం వుంటుంది, దారిలో యుద్ధాలు వుంటాయి. గెలిచినకొద్దీ మన వీరులకు బలం పెరుగుతుంది. మొదటి ఫైనల్ ఫాంటసీలో నలుగురు యోధులు. కత్తివీరుడు, దొంగ, మల్లయోధుడు, ముగ్గురు రకరకాల మాంత్రికులు అనే ఆరు వృత్తులలోంచి నలుగురినీ మనమే ఎంచుకోవాలి. యుద్ధం వచ్చినప్పుడు తెర నిలిచిపోతుంది. నువ్వు కొట్టు, నువ్వు మంత్రం వెయ్యి, నువ్వు గాయపడినవాడికి వైద్యం చెయ్యి అని నలుగురికీ ముందుగా ఆజ్ఞలిస్తాం. ఆ తరువాత మన పని చూస్తూ కూర్చోవడమే.

అందులో ఒక కిటుకు వుండేది. ఇద్దరిని ఒకే రాక్షసుణ్ణి కొట్టమన్నామనుకోండి. మొదటివాడి దెబ్బకే వాడు చస్తే రెండోవాడి దెబ్బ వృథా! వాడు తెలివిగా పక్కవాణ్ణి కొట్టడు, గాలిని కొడతాడు. అంచేత ఎవరికి ఎంత ప్రాణం మిగిలిందో లెక్క కట్టి, ఎవరిని ఎవరిమీదికి పంపాలో నిర్ణయించుకోవాలి. తరువాత వచ్చిన ముద్రణల్లో దీన్ని సవరించి, రెండోవాడు మరో శత్రువును వెతుక్కునేటట్టు చేశారు. సుఖమే గాని, ఆలోచించవలసిన పని ఒకటి తగ్గింది. ఈ యుద్ధ పద్ధతిని తయారుచేసిన అకితోషి కవాజు, అమెరికావాళ్ళు బల్లచుట్టూ కూర్చుని పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ నుంచి చాలా తీసుకున్నాడు. నిప్పుకు లొంగే శత్రువు, మంచుకు లొంగే శత్రువు వంటివి అక్కడివే.

ఇక్కడ అసలు విషయానికి వస్తాను. ఈ ఆటలో ఆడేవాడెవడు? కత్తివీరుడా? కాదు. మాంత్రికుడా? కాదు. ఆ నలుగురిలో ఎవడూ కాదు. ఆయుధం పట్టనని మాట ఇచ్చి, రథం నొగలమీద కూర్చుని, ఎవరిమీద ఎప్పుడు బాణం వెయ్యాలో చెప్పిన శ్రీకృష్ణుడు గుర్తున్నాడా? ఆడేవాడు అతను. చెయ్యి చేసుకోడు, కాని గెలుపూ ఓటమీ అతని మాటమీదే. నా దృష్టిలో ఈ ఆటల వరుస గుర్తింపు ఇదే. వంతు అనేది పైకి కనిపించే రూపం. సారథ్యం లోపలి ప్రాణం.

1991లో నాలుగవ ఆట వచ్చింది. హిరోయుకి ఇటో అనే రూపకర్త ఫార్ములా వన్ కారు పందాలు చూస్తూ, ఒక్కో కారు ఒక్కో వేగంతో ఒకదాన్నొకటి దాటిపోవడం గమనించి, వంతులకు కాలాన్ని జోడించాడు. ఒక్కో వీరుడికి వాడి వేగాన్నిబట్టి వంతు వస్తుంది. మనం మంత్రాల జాబితాలో వెతుక్కుంటూ కూర్చుంటే శత్రువు ఆగడు. సారథికి తొందర వచ్చింది, అంతే. సారథ్యం పోలేదు.

ఆ నాలుగవ ఆటలోనే, నేను చూసినంతలో, యుద్ధరీతికీ పాత్రకూ వున్న సంబంధం అన్నిటికంటె బాగా కనిపిస్తుంది. సెసిల్ అనే కథానాయకుడు రాజు మాట విని పాపాలు చేసిన నల్ల కవచపు యోధుడు. పశ్చాత్తాపంతో ఒక కొండ ఎక్కుతాడు. అక్కడ అతనికి ఎదురయ్యే శత్రువు అతని పాత రూపమే. ఇంతవరకూ ఆట మనకు నేర్పింది కొట్టమని. ఇక్కడ కొడితే లాభం లేదు. కత్తి దించి దెబ్బలు ఓర్చుకుంటేనే గెలుపు. ఒక్క ముక్క ఉపన్యాసం లేకుండా, "వీడు మారాడు" అని ఆజ్ఞల పట్టికతోనే చెప్పించారు. అలాగే టెల్లా అనే ముసలి మాంత్రికుడు. అతని మంత్రశక్తి 90 దాటి పెరగదు, పెద్ద మంత్రానికి కావలసింది 99. కూతురి చావుకు పగ తీర్చుకోవడానికి ఆ తొమ్మిదీ తన ప్రాణంలోంచి ఇస్తాడు. వంద పేజీల నవల చెప్పవలసిన సంగతి రెండు అంకెలు చెప్పాయి!

యుద్ధరీతి అనేది కథకు బయట తగిలించిన తోరణం కాదని దీనివల్ల తెలుస్తున్నది గదా.

తరువాతి ఆటలను ఒక్కొక్కటిగా చెప్పబోను. 1997లో ఏడవది లోకప్రసిద్ధమైంది. యుద్ధంలోకి దిగేవాళ్ళు మాత్రం ముగ్గురయ్యారు. 2001లో పదవది కాలాన్ని మళ్ళీ ఆపేసి, ఎవరి తరువాత ఎవరి వంతో ముందుగానే తెరమీద చూపింది. యుద్ధం మధ్యలో ఒకరిని పిలిచి మరొకరిని దింపవచ్చు. చదరంగం ఆడేవాళ్ళకు ఇది బాగా నచ్చుతుంది. పదకొండవదీ, పద్నాలుగవదీ ఇంటర్నెట్ మీద వేలమంది కలిసి ఆడేవి, వాటి దారి వేరు.

2006లో వచ్చిన పన్నెండవదాని దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఇందులో యుద్ధం మొదలుకాక ముందే వీరులకు చీటీలు రాసిపెట్టవచ్చు. మన ఇళ్ళల్లో అమ్మ పుట్టింటికి వెళుతూ చెప్పిపోయినట్టు: పాలవాడొస్తే లీటరు తీసుకో, వాన మబ్బు పడితే వడియాలు లోపల పెట్టు, తాతగారికి నలతగా వుంటే ముందు ఆ మందు ఇవ్వు, మిగతావన్నీ తర్వాత. అచ్చం అలాగే: మనవాడి ప్రాణం సగానికి తగ్గితే వైద్యం చెయ్యి, లేకపోతే దగ్గరున్న శత్రువును కొట్టు. చీటీ సరిగా రాస్తే యుద్ధం దానంతటదే నడుస్తుంది. "ఆట దానంతటదే ఆడుకుంటోంది, ఇంక మేమెందుకు?" అని చాలామంది నవ్వారు. నాకు ఆ నవ్వు అర్థం కాదు. ఇల్లాలు లేనప్పుడు కూడా ఇల్లు సవ్యంగా నడిస్తే అది ఆమె చేతకానితనమా? సారథ్యానికి అంతకుమించిన రూపం ఈ వరుసలో మరొకటి రాలేదని నా అభిప్రాయం.

అక్కడినుంచి దారి మళ్ళింది. 2009 నాటి పదమూడవ ఆటలో నాయకుడొక్కడే మన చేతిలో, మిగతా ఇద్దరికీ వ్యూహం మాత్రమే చెప్పగలం. 2016 నాటి పదిహేనవది విడుదలైనప్పుడు నోక్టిస్ అనే రాజకుమారుణ్ణి మనమే నడిపి, ముగ్గురు స్నేహితులను చాలావరకు వాళ్ళ మానాన వదిలేశాం. 2023 నాటి పదహారవదానిలో క్లైవ్ ఒక్కడే. పక్కన వేరేవాళ్ళు నడుస్తారు, పోరాడతారు, కాని మన మాట వినేది అతని కుక్క ఒక్కటే! యుద్ధ విభాగానికి డెవిల్ మే క్రై ఆటల్లో పనిచేసిన ర్యోతా సుజుకిని పెట్టుకున్నారు. కత్తి విసురు, తప్పించుకునే నేర్పు, మెరుపు వేగం అన్నీ అద్భుతంగా వున్నాయి. అది చెడ్డ ఆట అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మొదటి వారంలోనే ముప్పై లక్షలు పోయాయి.

నిర్మాత నవోకి యోషిదా చెప్పిన కారణం దాచుకోవలసిందేమీ కాదు. ఆజ్ఞలు ఎంచుకుంటూ పోరాడడంలో ఆసక్తి ఏమిటో ఇప్పటి కుర్రవాళ్ళలో చాలామందికి తెలియడం లేదని ఆయన వాదన. ఇంకో కారణం కూడా వినిపిస్తుంది. బొమ్మలు చిన్న చుక్కలుగా వున్నప్పుడు వరసలో నిలబడి వంతుకోసం ఆగితే చెల్లింది. ఇప్పుడు చెమట చుక్క కూడా కనబడే నిజమైన మనుషులు అలా నిలబడితే నవ్వులాట అవుతుంది అని. వినడానికి సబబుగానే వున్నది. కాని మన అనుభవం చూడండి. నాటకం పోయి సినిమా వచ్చింది, నిజమైన గుర్రాలూ రథాలూ వచ్చాయి. అయినా 1977లో ఎన్.టి. రామారావుగారు "దాన వీర శూర కర్ణ" తీసినప్పుడు పద్యాన్ని తీసిపారేయలేదు, జనమూ నవ్వలేదు. కన్ను కొత్తదానికి అలవాటుపడినంతమాత్రాన చెవి పాతదాన్ని మరిచిపోదు. కాబట్టి తప్పనిసరై వదిలారన్నది పూర్తి నిజం కాదు. అది ఎంపిక.

ఆ ఎంపికలో పోయింది వంతులు అని పాతవాళ్ళు ఏడుస్తున్నారు. పోయింది వంతులు కాదు, పక్కవాళ్ళు. మొదట నలుగురు, నాలుగవ ఆటలో అయిదుగురు, తరువాత ముగ్గురు, చివరకు ఒక్కడు. కృష్ణుడు రథం దిగి తానే అర్జునుడైపోయాడు. అర్జునుడుగా వుండడం గొప్పే. కాని ముసలి మాంత్రికుడి శక్తి ఎంత మిగిలింది, పిల్లదానికి దెబ్బ తగలకుండా ఎవరిని అడ్డం పెట్టాలి అని అందరి బాధ్యతా మోసినవాడి బుర్ర వేరు, తన ఒంటిని తాను కాచుకునేవాడి బుర్ర వేరు. ఇంకొకటి. వేళ్ళలో చురుకు లేనివాళ్ళు, చేతికి అవిటితనం వున్నవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు వంతులవారీ ఆటలో ఎవరికీ తీసిపోరు. పదహారవ ఆటలో వాళ్ళకోసం దెబ్బ దానంతటదే తప్పించుకునే ఉంగరం వంటివి పెట్టారు. మంచి పనే. కాని ఉంగరం తొడుక్కుంటే ఆటలోని నేర్పు ఉంగరానిది అవుతుంది.

మధ్యేమార్గం లేదా అంటే, అదే సంస్థ చేసి చూపింది. 2020లో ఏడవ కథను కొత్తగా తీసినప్పుడు కత్తి మన చేతిలోనే వుంచి, ఆజ్ఞ ఇవ్వదలచుకున్నప్పుడు కాలం నత్తనడక నడిచేటట్టు చేశారు. పక్కవాళ్ళకూ ఆజ్ఞ ఇవ్వవచ్చు, వాళ్ళలోకి మారవచ్చు. సారథ్యమూ వున్నది, సాముగరిడీ వున్నది.

ఎదురు దారిలో నడిచినవాళ్ళూ వున్నారు. 2005లో మొదలై పిడిగుద్దులకు పేరుమోసిన ర్యూ గా గొతోకు ఆటలవాళ్ళు, 2019 ఏప్రిల్ ఒకటిన తమ ఆటను వంతులవారీగా చూపిస్తూ ఒక వీడియో వదిలారు. అందరూ ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. 2020 జనవరిలో ఏడవ ఆట నిజంగానే అలా వచ్చింది! కథానాయకుడు ఇచిబాన్ చిన్నప్పుడు డ్రాగన్ క్వెస్ట్ ఆడి పెరిగినవాడు, అందుకని వీధి తగాదా కూడా అతని కళ్ళకు అలాగే కనిపిస్తుంది. పైగా అతను ఒంటరివాడు కాదు, తనలాంటి నలుగురిని పోగేసుకునేవాడు. మనిషి మారాడు కాబట్టి యుద్ధరీతి మారింది. అందుకే ఎక్కువమంది దాన్ని కాదనలేదు. 2025లో ఫ్రాన్సునుంచి వచ్చిన ఎక్స్‌పెడిషన్ 33 కూడా వంతులవారీదే, శత్రువు వంతులో తప్పించుకునే పని మాత్రం మన వేళ్ళది. 33 రోజుల్లో 33 లక్షలు అమ్ముడైంది. కుర్రవాళ్ళకు వంతులు పట్టవన్న మాట ఎంతవరకు నిజమో ఆలోచించవలసిందే.

మన విద్యార్థి మిత్రులలో చూడదలచుకున్నవారికి ఒక మాట. పదహారవదానికి ఖరీదైన యంత్రం కావాలి. మొదటి ఆరు ఆటలు మాత్రం ఫోనులో ఆడుకునే రూపంలో దొరుకుతున్నాయి. నాలుగవదాంతో మొదలుపెట్టండి. కొండమీద కత్తి దించవలసి వచ్చినప్పుడు మీ వేలు ఎంతసేపు తటపటాయిస్తుందో చూసుకోండి.

ఇంతకూ ఈ వరుసను సృష్టించిన హిరోనొబు సకగుచి ఏం చేస్తున్నాడు? సంస్థను వదిలి చాలా ఏళ్ళయింది. 2021లో ఫాంటసియన్ అనే ఆట తెచ్చాడు. కార్డుబోర్డుతో, మట్టితో చేతిపనివాళ్ళు కట్టిన నూటయాభైకి పైగా చిన్న చిన్న బొమ్మలకొలువులను ఫొటోలు తీసి, వాటిలో కథ నడిపించాడు. యుద్ధం వంతులవారీదే. 2024 డిసెంబరులో దాన్ని కొత్త రూపంలో ప్రచురించింది ఎవరనుకున్నారు? స్క్వేర్ ఎనిక్స్. పదహారవ ఫైనల్ ఫాంటసీలో వంతులు వదిలేసిన ఆ సంస్థే.