తుపాకికి తొడిగిన రాగి టోపీ

తుపాకి గొట్టములో మందు దట్టించుట కంటె, దట్టించిన మందును కోరిన క్షణమున తప్పక అంటించుటయే ఆయుధశిల్పులను శతాబ్దముల తరబడి వేధించిన సమస్య. చెకుముకి తుపాకిలో రాయి ఉక్కును రాచి నిప్పురవ్వలను రాల్చును; ఆ రవ్వలు గిన్నెలోని రంజకమును అంటించును; ఆ మంట చెవిగుండ లోనికి పాకినపిమ్మట గాని గుండు కదలదు. ఈలోపల మెరుపును జూచి నీటిపక్షులు తప్పించుకొనుచుండుట, స్కాట్లండులోని బెల్హెల్వీయందు మతాచార్యుడుగా నుండి వేటపై మిక్కిలి మక్కువగల అలెగ్జాండర్ జాన్ ఫోర్సైతునకు దుస్సహమయ్యెను. దెబ్బ తగిలినంతనే ప్రేలెడి రసాయనములు అప్పటికే విదితములు. వానిని రంజకమునకు బదులుగా వాడి ఆయన 1807లో పేటెంటు పొందెను. అంతటి ఉగ్రద్రవ్యమును గొట్టములో పోయక, వెలుపల కణమాత్రముగా నిలిపి పని చేయించుకొనుటయే ఆయన ప్రతిభకు నిదర్శనమని నేను తలంతును. దానిని చిన్న రాగి టోపీలో అదిమి క్యాపుగా మలచుట అనంతరకాలపు యుక్తి. ఆ గౌరవము తమదేయని వాదించిన పలువురిలో అమెరికాకు వలసపోయిన ఆంగ్ల చిత్రకారుడు జాషువా షా ఒకడు.

మూతినుండి మందు నింపెడి తుపాకిని సిద్ధపరచు క్రమము ఎంతటి ఓర్పును కోరునో చూడుడు. మొదట ఖాళీ తుపాకికి క్యాపు తొడిగి, మూతిని గడ్డిపరకకు చేరువగా నుంచి పేల్చుదురు. పరక కదలినచో దారిలో నూనెగాని మసిగాని అడ్డులేదని తెలియును. పిమ్మట కొలపాత్రతో కొలిచిన మందునే పోయుదురు. కొమ్మునుండి నేరుగా పోసినచో, లోపల నిప్పుకణిక మిగిలియుండిన యెడల, కొమ్ములోని మందంతయు చేతిలోనే ప్రేలును. నూనె పూసిన గుడ్డముక్కలో పొదిగిన సీసపు గుండును గజముతో అడుగంట దింపవలెను. మందునకును గుండునకును నడుమ ఖాళీ మిగిలినచో గొట్టమే పగులవచ్చును గనుక, గజము ఎంతవరకు దిగవలెనో దానిపై గుర్తు గీచుకొనుట అనుభవజ్ఞుల అలవాటు. క్యాపును మాత్రము అన్నిటికంటె చివర, మూతిని నిర్జనమైన దిక్కునకు త్రిప్పి, మందునకు దారితీయు ఉక్కుమొనపై తొడుగుదురు. చలికి మొద్దువారిన వ్రేళ్లకు అంత చిన్న వస్తువు చిక్కదు. అందుకే క్యాపులను వరుసగా నింపుకొని ఒక్కొక్కటిగా అందించు ఇత్తడి సాధనము పుట్టినది.

1834లో ఇంగ్లండులో జరిగిన పరీక్షయందు, 6000 పర్యాయములలో చెకుముకి తుపాకి 922 మారులు ప్రేలక మొరాయింపగా, క్యాపు తుపాకి 36 మారులే మొరాయించెను. 1841 మేలో చైనాలోని కాంటను చెంత కుండపోతవానలో చిక్కిన 37వ మద్రాసు పదాతిదళపు సిపాయిలకు ఈ వ్యత్యాసము ప్రాణసంకటమైనది. వారి చెకుముకి తుపాకులు తడిసి మూగవోగా, తమ ఊళ్లను కాపాడుకొనుటకై లేచిన గ్రామస్థులు వారిని చుట్టుముట్టిరి. క్యాపు తుపాకులు గల నౌకాసైనికులు వచ్చి విడిపించువరకు వారికి దిక్కులేకపోయెను.

ఫోర్సైతునకు 1842లో ప్రభుత్వము మంజూరు చేసినది 200 పౌనులు. మరుసటియేడు ఆయన మరణించిన పిదప, బంధువులకు మరి 1000 పౌనులు ముట్టినవి.