నాన్న ఫోన్ పదకొండింటికైతే.. బుజ్జాయి నిద్ర ఎప్పుడు?

‘రెండేళ్లు నిండాయి సార్! రాత్రి పదకొండు దాటినా పడుకోడు. పడుకున్నా రెండు మూడుసార్లు లేచి ఏడుస్తాడు. నిద్రపట్టే టానిక్ ఏదైనా రాయండి’... మల్యాల, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు తల్లులు తరచూ అడిగే మాట ఇది. అలాంటి టానిక్ లేదు. చాలామంది పిల్లలకు దాని అవసరమూ లేదు. లోపం బిడ్డలో కాదు, ఇంటి వేళల్లో ఉంటుంది.

మన ప్రాంతంలో ఇందుకో ప్రత్యేక కారణం ఉంది. ఎన్నో ఇళ్లలో నాన్న గల్ఫ్‌లో ఉంటారు. దుబాయ్ సమయం మనకన్నా గంటన్నర, సౌదీ, ఖతార్, కువైట్ సమయం రెండున్నర గంటలు వెనక. సౌదీలో ఆయన డ్యూటీ దిగి, వండుకుని తిని, ఎనిమిదిన్నరకు వీడియో కాల్ చేస్తే ఇక్కడ పదకొండు. అప్పటిదాకా ‘నాన్న ఫోన్ జేస్తడు, పండుకోకు బిడ్డా’ అంటూ పిల్లల్ని మేల్కొలిపి ఉంచుతారు. దుకాణం కట్టేసి పదింటికి తండ్రి వచ్చే ఇళ్లలోనూ ఇంతే. ఆట అప్పుడే మొదలవుతుంది.

బాగా అలసిపోతే మొద్దునిద్ర పోతారనుకుంటాం. చిన్నపిల్లల్లో తరచూ దీనికి విరుద్ధంగా జరుగుతుంది. నిద్రవేళ దాటిన బిడ్డ చిరాకుపడుతుంది, మరింత ఎగురుతుంది, రాత్రి ఎక్కువసార్లు లేస్తుంది. చీకటి పడ్డాక మెదడులో విడుదలయ్యే మెలటోనిన్ హార్మోన్ నిద్రకు సిద్ధం చేస్తుంది. ట్యూబ్‌లైటు వెలుగు, ముఖం దగ్గర పెట్టిన ఫోన్ తెర దాన్ని తగ్గించేస్తాయి.

ఎంత నిద్ర కావాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం 1-2 ఏళ్ల పిల్లలకు రోజుకు 11-14 గంటలు, 3-4 ఏళ్ల వారికి 10-13 గంటల నిద్ర కావాలి. పగటి కునుకు కూడా ఇందులో కలిసే ఉంటుంది. రెండేళ్లలోపు పిల్లలు ఫోన్, టీవీ చూడకపోవటమే మంచిది. ఆ తర్వాత కూడా రోజుకు గంట మించొద్దు. అయితే నాన్నతో మాట్లాడటం కార్టూన్ చూడటంలాంటిది కాదు. దాన్ని మాన్పించకండి. వేళ మార్చండి.

ఇలా చేసి చూడండి

* మనకు ఉదయం ఎనిమిదైతే సౌదీలో ఐదున్నర, దుబాయ్‌లో ఆరున్నర. చాలామంది ఆ వేళకు పనికి తయారవుతూనో, కంపెనీ బస్సులోనో ఉంటారు. బిడ్డతో పది నిమిషాలు అప్పుడు మాట్లాడొచ్చు. కుదరకపోతే సెలవు రోజు పగలు తీరిగ్గా మాట్లాడించండి. రాత్రి కాల్ మీ ఇద్దరికే ఉంచుకోండి.

* నాన్న తన గొంతుతో చిన్న కథో, జోలపాటో వాయిస్ మెసేజ్‌గా పంపితే పడుకునే ముందు వినిపించండి. ఫోన్ బోర్లా పెడితే తెర వెలుగు కంట పడదు.

* ముందు నిద్రలేచే వేళను స్థిరం చేయండి. రాత్రి ఎప్పుడు పడుకున్నా ఉదయం ఏడింటికల్లా లేపి, ఎండపొడ తగలనివ్వండి. పడుకునే వేళను రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి.

* పగటి నిద్ర మూడున్నరకల్లా ముగియాలి.

* రోజూ ఒకే వరుస పాటించండి: అన్నం, స్నానం, పళ్లు తోమటం, మసక వెలుతురులో కథ, పక్క. పడుకోవటానికి గంట ముందే టీవీ, ఫోన్ ఆపేయండి.

* నిద్ర మధ్యలో కాస్త మెలకువ రావటం పిల్లలందరికీ మామూలే. ఒళ్లో ఊపితేనో, పాల సీసా నోట్లో ఉంటేనో నిద్రపోవటం అలవాటైన బిడ్డ ప్రతి మెలకువకూ అదే కోరుతుంది. కళ్లు మూతలు పడుతుండగానే పక్కమీద పడుకోబెట్టండి. లేస్తే నిమిషం ఆగి, లైటు వేయకుండా మెల్లగా జోకొట్టండి.

* రాత్రి పాల సీసాతో పళ్లు పుచ్చుతాయి. ఏడాది దాటాక పాలు రోజంతా కలిపి అరలీటరు మించితే అన్నం తగ్గి, ఐరన్ లోపం రావచ్చు. ఆ లోపం ఉన్న పిల్లలు నిద్రలోనూ స్థిమితంగా ఉండరు.

డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి?

రోజూ గురక పెడుతూ నోటితో గాలి పీలుస్తుంటే ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ వాచాయేమో చూడాలి. రాత్రిపూట మలద్వారం దగ్గర గోక్కుంటుంటే నులిపురుగులు కావచ్చు. పాలిపోయి, మట్టి తింటుంటే రక్తపరీక్ష చేయించాలి. రాత్రి దగ్గు, చెవినొప్పి, ఒంటి దురద కూడా నిద్ర చెడగొడతాయి.

నిద్రపోయిన ఒకటి రెండు గంటలకే బిడ్డ కేకపెట్టి లేచి, మిమ్మల్ని గుర్తుపట్టనట్టు చూస్తే గాలి సోకిందని భయపడొద్దు. చాలావరకు అది గాఢనిద్రలో కలిగే కలవరం. బలవంతంగా లేపకండి. దెబ్బ తగలకుండా పక్కనుంటే చాలు. తానే సర్దుకుని పడుకుంటుంది. ఒళ్లు బిగుసుకున్నా, కాళ్లూచేతులూ కొట్టుకున్నా ఫిట్స్ కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మత్తు కోసం జలుబు సిరప్ మాత్రం పట్టకండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే ఆదేశించింది.

ఏ మార్పైనా కనీసం రెండు వారాలు పట్టుబట్టి చేయాలి. మొదటి మూడు నాలుగు రాత్రులు ఏడుపు పెరగొచ్చు. ‘ఏడుస్తుంది, ఫోన్ ఇవ్వు’ అని నానమ్మ, తాతయ్య మధ్యలో మెత్తబడితే కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ముందురోజే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. గల్ఫ్‌లో ఉన్న నాన్నకూ చెప్పండి.