చుక్కలను కొలిచిన తాతలు

టాటానగర్‌లో ఖరగ్‌పూర్ వైపు రైలెక్కితే దారిలో చాకులియా వస్తుంది. ఊరి పక్కన పాత రన్‌వే ఒకటి ఇప్పటికీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బి-29 బాంబర్ల దళం ఒకటి అక్కడ మకాం వేసింది. విమానానికి 11 మంది. వారిలో ఒకడు విమానం నడపడు, బాంబు వేయడు, తుపాకీ పట్టడు. బల్ల ముందు కూర్చుని పెన్సిల్‌తో లెక్కలు కడతాడు. అతను నావిగేటర్. మిగతా పదిమంది తిరిగి రావడం ఆ లెక్క మీదే ఆధారపడేది.

అంత లెక్క ఏముంది? విమానం గంటకు 300 కి.మీ. వేగంతో తిన్నగా ఉత్తరానికి పోతోందనుకోండి. పడమటి గాలి గంటకు 50 కి.మీ. వేగంతో వీస్తే, ఆ గంటలో విమానం 50 కి.మీ. తూర్పుకు జరిగిపోతుంది. ముక్కు మాత్రం ఉత్తరాన్నే చూస్తుంటుంది గనుక లోపలివారికి ఆ సంగతే తెలియదు. ఏరు దాటే పడవవాడు అవతలి రేవుకేసి కాక కాస్త ఎగువకు గురిపెడతాడే, నావిగేటరూ అలాగే విమానాన్ని దాదాపు పది డిగ్రీలు పడమటికి తిప్పమనాలి. చిక్కేమిటంటే గాలి మాటిమాటికీ మారుతుంది. చిన్న తప్పు గంటగంటకూ పెద్దదవుతుంది.

దాన్ని దిద్దుకోవడానికి చుక్కలు. ధ్రువ నక్షత్రం ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తే మనం సుమారు అన్ని డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నట్టు. చాకులియాలో ఆ ఎత్తు 22 డిగ్రీల పైచిలుకు. హిమాలయాల మీదుగా చైనాలోని చెంగ్డూ చేరేసరికి 30 దాటుతుంది. ఒక్కో డిగ్రీకి 111 కి.మీ. ఆ ఎత్తును దిగంతం నుంచి కొలవాలి, రాత్రిపూట అది కనపడదు. అందుకే ఎత్తు కొలిచే సెక్స్‌టాంట్ అనే పరికరంలో తాపీమేస్త్రీ రసమట్టంలో ఉండేలాంటి బుడగ పెట్టారు. కుదుపుల మధ్య గాజు గుమ్మటం కింద నిలబడి ఆ బుడగనూ చుక్కనూ ఒకచోటికి తేవాలి. తూర్పు పడమరల లెక్కకు గడియారం కావాలి. అది 4 సెకన్లు తప్పితే చాకులియా దగ్గర చోటు 1.7 కి.మీ. తప్పుతుంది.

1944 జూన్ 15 రాత్రి బి-29లు చెంగ్డూ నుంచి జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారం మీదికి వెళ్లాయి. గురి కోక్ ఓవెన్లు, అంటే బొగ్గును కోక్‌గా మార్చే కొలుములు. 47 విమానాలు అక్కడ బాంబులు వేశాయి, ఎక్కువగా రాడార్ చూసి. కోక్ ఓవెన్లకు దెబ్బ తగల్లేదు. టాటానగర్‌లో టాటా కంపెనీ కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసిన మన తెలుగు కుటుంబాలకు తెలుసు, వాటిని రాత్రికి ఆర్పి పొద్దున వెలిగించడం కుదరదు. యవాటాలోనూ ఆ రాత్రి షిఫ్టు మనుషులు ఉండే ఉంటారు. నావిగేటర్ నేర్పును మెచ్చుకునేటప్పుడు నాకు వాళ్లూ గుర్తొస్తారు.

ఆ యుద్ధంలో మన వాయుసేనకూ నావిగేటర్లుండేవారు. 7, 8 స్క్వాడ్రన్ల వెంజెన్స్ బాంబర్లలో పైలట్ వెనక సీట్లో కూర్చునేవారు. బర్మా యుద్ధంలో ఎగిరారు. మీ ఇంట్లో అలాంటి తాతగారు ఎగిరిన వివరాలు రాసుకున్న లాగ్‌బుక్కు ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. పేజీ పేజీ ఫొటో తీసి దాచండి. అందులోని పొడి అక్షరాలకు అర్థం చెప్పగల పెద్దలు ఇంకా ఉంటే, ఈ సెలవుల్లోనే వెళ్లి అడిగి రాసుకోండి.