రాగి బిస్కెట్టులో రాగులెన్ని?

రాగులు, జొన్నలు, ఓట్స్, బెల్లం, ఖర్జూరం... ఆరోగ్యం పేరుతో అమ్మే బిస్కెట్లు, ఎనర్జీ బార్ల ప్యాకెట్లపై ముందుగా కంటబడేవి ఈ పేర్లే. ముందువైపు ఉండేది అమ్ముకునేవాడి మాట. చట్టం బలవంతంగా రాయించిన మాట వెనకవైపు సన్నని అక్షరాల్లో ఉంటుంది. దేశంలో ఆహార ప్రమాణాలు నిర్ణయించే ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం పదార్థాలను ఎక్కువ పాళ్లలో ఉన్నదానితో మొదలుపెట్టి వరుసగా రాయాలి. 'రాగి బిస్కెట్' పట్టికలో మొదటి పేరు రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అయితే అది మైదా బిస్కెట్టే, రాగులు చుట్టపుచూపుగా వచ్చినట్టు. పేరులోనో బొమ్మలోనో ఒక పదార్థాన్ని గొప్పగా చూపిస్తే దాని శాతం కూడా చెప్పాలి. రాగిపిండి పక్కన బ్రాకెట్లో నక్కి ఉండే అంకె అదే.

అయితే ఈ వరుసలోనూ ఒక లొసుగుంది. తీపి కోసం చక్కెర ఒక్కటే వాడితే దాని పేరు పట్టికలో పైకి వస్తుంది. దాన్నే చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, తేనె, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అని పంచేస్తే ఒక్కొక్కటీ కిందికి జారుతుంది. బార్‌లో ముక్కలు అతుక్కోవడానికి సిరప్ కావాలన్నది నిజమే, దురుద్దేశం ఉండకపోవచ్చు. తినేవారికి మాత్రం లెక్క మారదు. అందుకే పోషకాల పట్టికలో 'యాడెడ్ షుగర్స్' వరుస కూడా చూడాలి. రోజుకు 50 గ్రాములను ప్రమాణంగా పెట్టుకుని నిబంధనలు లెక్కగడతాయి. వంద గ్రాముల్లో ఇవి 30 గ్రాములున్న బిస్కెట్లు 50 గ్రాములు తింటే 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు చెంచాలు. మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం త్వరగా గ్లూకోజ్‌గా మారుతుంది, కానీ చాలావరకు ఈ వరుసలోకి రాదు. దాన్ని పదార్థాల జాబితాలోనే పట్టుకోవాలి.

బెల్లం మంచిదే కదా అంటారు. అందులో కొన్ని ఖనిజాలున్నా అధిక భాగం సుక్రోజే. 'నో యాడెడ్ షుగర్' అన్నంత మాత్రాన తీపి లేదని కాదు, ఖర్జూరంలోని సహజ చక్కెర ఎటూ పోదు. వేరుశనగపప్పు, బెల్లంతో చేసే పల్లీపట్టీ కూడా తీపి మిఠాయే, కాకపోతే దానికి వేరే వేషం ఉండదు. ఇక పదార్థాల జాబితాలో సంకలితాలకు ఇచ్చే ఐఎన్ఎస్ నంబర్లన్నీ విషమనుకోవడం మరో పొరపాటు: ఐఎన్ఎస్ 330 అంటే నిమ్మ ఉప్పు, 500 అంటే వంటసోడా జాతి. బెదిరిపోవాల్సింది అంకెలను చూసి కాదు, పాళ్లను చూసి.

ఇంత శ్రమ కొనేవారి నెత్తిన వేయడం న్యాయమా అన్నదే బలమైన అభ్యంతరం. న్యాయం కాదు. లేబుళ్లపై ప్రకటనలు తప్పుదారి పట్టించవచ్చని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో హెచ్చరించింది. చట్టంలో 'హెల్త్ డ్రింక్' అన్న నిర్వచనమే లేదు. ఆ మాట కింద పానీయాలు అమ్మొద్దని ఆన్‌లైన్ సంస్థలకు కేంద్ర వాణిజ్య శాఖ చెప్పింది 2024 ఏప్రిల్‌లో. చిలీలో 2016 నుంచే చక్కెర మితిమీరిన ప్యాకెట్ ముందువైపున నల్లటి ఎనిమిది కోణాల ముద్ర వేస్తున్నారు. దాన్ని గుర్తుపట్టడానికి లెక్కలు రానక్కర్లేదు. మన దగ్గర వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు. తెలుగు వేయడం కంపెనీ ఇష్టం. ఇది మారేంతవరకూ, తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లికి ఆ ప్యాకెట్‌పై మిగిలేది ముందువైపు రాగి కంకి బొమ్మే.