రాగిరేకా? తాటాకా?

జూన్ నెల వచ్చిందంటే మా తిరుపతిలో కాలేజీ పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న. పూర్వం "పిల్లవాణ్ణి ఏ గ్రూపులో చేర్పించారు?" అని మాత్రం అడిగేవారు. ఇప్పుడు దానికి తోడు "ల్యాప్‌టాపు ఏది కొన్నారు?" అని కూడా అడుగుతున్నారు. చిత్రమేమిటంటే, ఈ ప్రశ్న నన్నూ అడుగుతారు. నేను కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. ఛందస్సులో సందేహమొస్తే నా దగ్గరకు రావచ్చుగాని, కంప్యూటరు సంగతి నాకేం తెలుసు? అయినా అడుగుతారు. ఈ వ్యవహారంలో నేనొకసారి చేతులు కాల్చుకున్నానని మా వీధిలో అందరికీ తెలుసు. చేతులు కాలినవాడికే గదా ఆకుల విలువ బోధపడేది! అందుకే ఆ కథ చెబుతాను. ఊళ్ళు తిరుగుతూ చదువుకునే పిల్లలున్న తలిదండ్రులకు పనికివస్తే సంతోషం.

2020లో కాలేజీలు మూతపడి పాఠాలన్నీ ఇంటికే వచ్చినప్పుడు మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరంలో వుంది. అప్పుడు హడావుడిగా ఒక ల్యాప్‌టాపు కొన్నాను. పదిహేనున్నర అంగుళాల తెర. "పెద్ద తెర సార్, పిల్లల కళ్ళకు మంచిది" అన్నాడు కొట్టతను. మా ఆవిడ చేత్తో ఎత్తి చూసి "బరువుగా వుంది. గట్టి సరుకే" అన్నది. ఇత్తడి బిందె కొనేటప్పుడు ఆ పరీక్ష సరిపోతుంది. ల్యాప్‌టాపుకు సరిపోదని మాకప్పుడు తెలియదు. అయినా మూడేళ్ళపాటు అది బల్ల మీదనుంచి కదలలేదు గనుక ఏ చిక్కూ రాలేదు.

2023లో మా అమ్మాయి కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ.లో చేరింది. కుప్పం మన చిత్తూరు జిల్లాకు ఒక మూల. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. తిరుపతినుంచి చిత్తూరు, పలమనేరు మీదుగా వెళితే సగం పగలు బస్సులోనే గడుస్తుంది. దానికి తోడు ఆమె ఎన్నుకున్న విషయం మన ప్రాంతపు భారత ఉత్సవాలు. ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర ఎండాకాలంలో పద్దెనిమిది రోజులు జరిగే ఈ ఉత్సవాలు మా చిత్తూరు సీమవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివరిరోజున మట్టితో చేసిన దుర్యోధనుడి బ్రహ్మాండమైన బొమ్మ దగ్గర వధ. ఇవన్నీ రికార్డు చేయడానికి ఆ పిల్ల పల్లెపల్లెకూ తిరగవలసివచ్చింది. ఆమె వెంట ఆ ల్యాప్‌టాపూ తిరిగింది.

తూకం సంగతి

ఒకనాడు బస్సు దిగి వచ్చిన అమ్మాయి సంచీ దింపి భుజం రుద్దుకుంటూంటే నాకు సందేహం కలిగింది. మా వీధి మొగలో కూరగాయలమ్మే ఆమె దగ్గరకు తీసుకెళ్ళి తూకంలో పెట్టమన్నాను. ఆమె నవ్వి, వంకాయలు తీసి సంచీ పెట్టింది. నాలుగు కిలోల నూరు గ్రాములు! అందులో ల్యాప్‌టాపు రెండు కిలోల మూడు వందలు. దాని చార్జరు, ఇటుకబిళ్ళ వంటిది, అరకిలో. తక్కినవి పుస్తకాలూ, నీళ్ళ సీసా.

అంతకుముందే ఒక పల్లెలో హరికథ చెప్పే ముసలాయన ఆమెను చూసి "ఏం పాపా, తిరగలిరాయి ఎత్తుకోని తిరగతా ఉండావా?" అన్నాడట. మాకు తోచని మాట ఆయనకు తోచింది.

మొట్టమొదట "ఎత్తుకెళ్ళే కంప్యూటరు" అని పేరుపడ్డ వాటిలో ఒకటి 1981లో అమెరికాలో వచ్చిన ఆస్బోర్న్-1. దాని బరువు దాదాపు పదకొండు కిలోలు. తెర అయిదంగుళాలు, బ్యాటరీ లేదు! పిడి వుంది గనుక ఎత్తుకెళ్ళవచ్చునన్నారు. పిడి వున్నంత మాత్రాన పెట్టె ప్రయాణానికి పనికిరాదు. ఇప్పుడు పద్నాలుగంగుళాల తెరతో కిలోన్నర లోపు దొరికే మిషన్లు ఎన్నో వున్నాయి. తూచేటప్పుడు చార్జరుతో కలిపి తూచాలి. రెండూ కలిసి రెండు కిలోలు దాటకూడదన్నది మా ఇంటి సూత్రం.

పోయింది యంత్రం కాదు

2024 వేసవిలో జరిగింది అసలు కథ. ఆ ముసలాయన హరికథ పదకొండు రోజులు వరుసగా రికార్డు చేసింది మా అమ్మాయి. రోజుకు మూడు గంటలు. ఫోనులో జాగా చాలక, ఏ రోజు కథ ఆ రోజు ల్యాప్‌టాపులోకి ఎక్కించి ఫోనులోది చెరిపేసేది. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని, మిషను తెరిచి, విన్నది రాసుకోవడం మొదలుపెట్టింది. పలమనేరు దాటాక బస్సు ఒక గుంతలో పడింది. ల్యాప్‌టాపు ఒళ్ళోంచి జారి కింద పడింది. తెర ఒకవైపు కీలు విరిగింది. అది కాదు దెబ్బ. లోపలినుంచి టక్ టక్ మని చప్పుడు మొదలైంది.

ఆ మిషనులో వున్నది పాతరకం హార్డ్ డిస్కు. అందులో ఒక బిళ్ళ గిరగిరా తిరుగుతూ వుంటుంది. దానికి వెంట్రుకవాసి కంటె కూడా తక్కువ ఎడంలో ఒక ముల్లు వంటిది కదులుతూ చదువుతుంది. తిరిగేటప్పుడు గట్టిగా కుదిపితే ఆ ముల్లు బిళ్ళను గీరేస్తుంది. మాకదే జరిగింది. మద్రాసుదాకా తీసుకెళ్ళి చూపించాను. అతను విప్పి చూసి "బిళ్ళ మీద గీతలు పడ్డాయి సార్, రావు" అన్నాడు.

మళ్ళీ వెళ్ళి చెప్పించుకుందామనుకున్నాం. ఆ ఏడు కార్తీకంలో ఆ ముసలాయన పోయాడు.

మా అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఏడిస్తే ఓదార్చవచ్చు. "నేను చెరిపేశాను నాన్నా" అని మాత్రం అంటే ఏం చెబుతాం? లెక్కవేసి చూశాను. నిమిషానికి ఒక ఎం.బీ. చొప్పున ముప్ఫైమూడు గంటల కథ మొత్తం రెండు జీబీలు. కొన్ని వందల రూపాయల పెన్‌డ్రైవులో ఓ మూల పట్టేది. వేల రూపాయలు పోసి యంత్రం కొన్నానుగాని, ఆ వందలు పెట్టాలని నాకు తోచలేదు. తప్పు పిల్లది కాదు, నాది.

గట్టిదంటే ఏమిటి?

సరే, కొత్తది కొనాలి. అరవై వేలకు మించి పెట్టలేము. ఈసారి అందరం తెలివిమీరాం. మా బావమరిది "ఆటలాడే మిషను కొను బావా, శక్తి ఎక్కువ" అన్నాడు. శక్తి ఎక్కువే, బరువూ, వేడీ, కరెంటు ఆకలీ కూడా ఎక్కువే. రాతపనికీ, మాటల రికార్డుకూ అంత శక్తి అక్కరలేదు.

కొట్లో ఒకాయన "ఇది మిలటరీ సర్టిఫికేటు వున్నది సార్" అని చూపించాడు. మా ఆవిడ కళ్ళు మెరిశాయి. ఈ మాట గురించి కాస్త చదివాను. మిల్-ఎస్‌టీడీ-810 అన్నది అమెరికా సైన్యం వాడే పరీక్షా విధానాల సంపుటం. 2019లో వచ్చిన కూర్పుకు 810హెచ్ అని పేరు. వేడి, చలి, తేమ, దుమ్ము, అదురు, కిందపడడం, ఇలా రెండు డజన్లకు పైగా పరీక్షలున్నాయందులో. అయితే సైన్యం ఎవరికీ యోగ్యతాపత్రం ఇవ్వదు. ఏ పరీక్షలు చేయించాలో కంపెనీవాడే ఎంచుకుంటాడు. కనుక ఆ ముద్ర వుంటే మంచిదేగాని, "ఏ పరీక్షలు నెగ్గింది?" అని అడగాలి. అంతకంటె ముఖ్యం, కిందపడితే బాగుచేసి ఇస్తాడా అన్నది. మామూలు వారంటీ పడినదానికి వర్తించదు. దానికి ప్రమాద రక్షణ పథకమని వేరే డబ్బు కట్టాలి. ప్రయాణాలు చేసే పిల్లలకు అది దండుగ కాదు. మీ ఊళ్ళో మరమ్మతు కేంద్రం వుందో, ప్రతిసారీ మద్రాసో బెంగుళూరో పరుగెత్తాలో, అదీ కొనకముందే తెలుసుకోవాలి.

కొట్లో నిలబడి మనమే చేయగల పరీక్షలు కొన్ని వున్నాయి. మూత ఒక మూల పట్టుకుని తెరవండి. తెర వణికితే, పలక మెలికపడినట్లు అనిపిస్తే, వదిలేయండి. కీబోర్డు నడుమ వేలితో నొక్కండి, గుంటపడకూడదు. కీళ్ళు బిగువుగా వుండాలిగాని మొరాయించకూడదు. మూత పూర్తిగా వెనక్కు పడుకునే రకమైతే బస్సు కుదుపులకు విరిగే భయం కొంత తక్కువ. లోపల తిరిగే డిస్కు వద్దేవద్దు, ఎస్.ఎస్.డి. అన్నదానిలో కదిలే భాగాలే వుండవు. జ్ఞాపకశక్తి పదహారు జీబీ వుండడం మంచిది, ఎందుకంటే చాలా తేలిక మిషన్లలో తరవాత పెంచుకునే వీలు లేకుండా అతికించి ఇస్తున్నారు.

బ్యాటరీని గంటల్లో చెబితే నమ్మకండి, వాట్-అవర్లలో అడగండి. రాతపనికి మిషను గంటకు ఎనిమిది పది వాట్-అవర్లు తింటుంది. యాభై వున్నదైతే అయిదారు గంటలు వస్తుందన్నమాట. రైల్లో ప్లగ్గులు నమ్ముకోడానికి లేదు. రాత్రి పదకొండునుంచి తెల్లవారి అయిదుదాకా వాటికి కరెంటు ఆపేయాలన్న నియమం వుంది. ఎప్పుడైనా రేణిగుంటలో విమానమెక్కవలసివస్తే, నూరు వాట్-అవర్ల లోపు బ్యాటరీ వున్న మిషను వెంట తీసుకెళ్ళడానికి ప్రత్యేక అనుమతి అక్కరలేదు. పవర్‌బ్యాంకు మాత్రం చేతిసంచీలోనే వుండాలి.

చార్జరు టైప్-సి రకమైతే ఒక్క దానితో ఫోనూ ల్యాప్‌టాపూ రెండూ నడుస్తాయి. అరకిలో ఇటుక ఇంటిదగ్గరే వుండిపోతుంది. అది పోయినా ఏ ఊళ్ళోనైనా మరొకటి దొరుకుతుంది. ఐరోపా కూటమి దేశాలలో 2026 ఏప్రిల్ 28నుంచి కొత్త ల్యాప్‌టాపులకు ఇదే తప్పనిసరి అని చట్టం చేశారు. మన ఎండలకు ఒక్క జాగ్రత్త: మూసిన కారులో మిషను వదిలిపెట్టకండి. బ్యాటరీకి వేడిని మించిన శత్రువు లేదు.

డబ్బు తక్కువైతే? ఆఫీసులు వాడి అమ్మేసే మిషన్లు బాగుచేసి అమ్ముతారు. అవి ఉద్యోగులు ఊళ్ళు తిరగడానికి చేసినవి గనుక కీళ్ళూ కీబోర్డూ గట్టిగా వుంటాయి. మెత్తని కొత్తదానికంటె గట్టి పాతది నయం. కాని విండోస్-10కు మామూలు రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్-11కు పనికివచ్చేదేనా, అంటే ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేక ఆ తరవాతిదేనా అని చూసుకోవాలి. కొత్త బ్యాటరీ ఖర్చు కూడా కలిపి లెక్కవేసుకోవాలి.

తెలుగువాడి లెక్క

ఇన్నీ చూసి పద్నాలుగంగుళాల మిషను ఒకటి ఖాయం చేశాం. చార్జరుతో కలిపి కిలో ఏడు వందలు. కూరగాయలామె తూకమే సాక్షి. డబ్బు కట్టేటప్పుడు మా అమ్మాయి "దీంతోపాటు బయటపెట్టే డిస్కు ఒకటి కొనివ్వు నాన్నా" అన్నది. అప్పుడు నాకు నా పాఠమే గుర్తొచ్చింది.

మా కొండమీద తాళ్ళపాకవారి సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించారు. రాగిరేకును మించిన గట్టిదనం ఏముంది? అవి చెడలేదు. కాని వందల ఏళ్ళు భండారంలో మూలబడి, పాట జనానికి దూరమైంది. ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పండితులు పూనుకుని, ఎత్తిరాసి, అచ్చువేయించాకనే ఇంటింటికీ చేరింది. తాటాకు సంగతి వేరు. పురుగు తింటుంది, తడిస్తే పాడవుతుంది. అయినా మన కావ్యాలు బతికాయంటే, ఒక ఆకు శిథిలమయ్యేలోగా మరొకరు దానికి ప్రతి రాసుకున్నారు గనుక. కడపలో బ్రౌను దొర పండితులకు జీతాలిచ్చి చేయించిందీ అదే, ప్రతులు సేకరించడం, పోల్చడం, రాయించడం. గట్టిదనం వస్తువులో లేదు, ప్రతిలో వుంది.

పాతికేళ్ళనుంచి పిల్లలకు ఈ మాట చెబుతూ, ఇంట్లో మాత్రం రాగిరేకునే నమ్ముకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో నియమం ఇది: ఏ పనికైనా మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, వాటిలో ఒకటి వేరే చోట. మిషనులో ఒకటి, మా బీరువాలో డిస్కులో ఒకటి, ఇంటర్నెట్టులో దాచినది ఒకటి. రెండో ప్రతి చేతికి వచ్చేదాకా ఫోనులోది చెరపకూడదు.

ఒక మాట మిగిలింది. పోయిన ఆ పదకొండు రోజుల కథలో ఒక రోజుది దొరికింది. ఆ వేసవిలో ముసలాయన మనవడు "తాత కథ నా ఫోనుకు పంపక్కా" అని అడిగితే, అమ్మాయి ఒక్క రోజుది పంపిందట. ఆ సంగతి తనూ మరిచిపోయింది. పంపినది బతికింది. దాచుకున్నది పోయింది.

మరుసటి వేసవిలో ఆ గుడి దగ్గర మనవడే కథ చెప్పాడు. తాత గొంతు కాదు, ఆ వేగమూ రాలేదు. కాని కొన్నిచోట్ల ఆ ఒక్క రోజు కథ విని పట్టుకున్న విరుపులు అట్లాగే వున్నాయని మా అమ్మాయి అన్నది. రికార్డు ముగించి మిషను మూస్తూంటే అతడు దగ్గరకు వచ్చి "అంతా ఎత్తుకోని పో అక్కా, అయితే నాకొకటి ఇచ్చేసి పో" అన్నాడట.

ఇచ్చేసే వచ్చింది.