బొగ్గుబాయి కథను కెమెరాతో చెప్తారా?

గోదావరిఖనిలో పెరిగినవారికి సైరన్ మోత, షిఫ్ట్ మారే వేళ గని ముందు రద్దీ కొత్తేం కాదు. రోజూ చూసేదే కదా, ఇందులో ఫొటో ఏముందిలే అనుకుంటాం. కానీ ఫొటో జర్నలిస్టుకు అదే పెట్టుబడి. బీటెక్, డిగ్రీ చదువుతూ ఈ రంగంవైపు చూస్తున్నారా? అయితే రఘు రాయ్ ప్రయాణం తెలుసుకోండి.

సివిల్ ఇంజినీరింగ్ నుంచి..

రఘు రాయ్ 1942లో, ఇప్పటి పాకిస్థాన్‌లో ఉన్న ఝంగ్‌లో పుట్టారు. చదివింది సివిల్ ఇంజినీరింగ్. అన్న ఎస్.పాల్ ఫొటోగ్రాఫర్ కావడంతో కెమెరా చేతికొచ్చింది. ఓ పల్లెలో తీసిన గాడిదపిల్ల ఫొటో లండన్ 'టైమ్స్'లో అచ్చయింది. తర్వాత 'స్టేట్స్‌మన్'లో చేరారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. 1982 నుంచి దాదాపు పదేళ్లు 'ఇండియా టుడే' ఫొటో విభాగాన్ని నడిపించారు. 1984లో భోపాల్ గ్యాస్ ప్రమాదంలో పోయిన పసిబిడ్డను మట్టిలో పూడ్చుతుండగా ఆయన తీసిన ఫొటోను లోకం ఇప్పటికీ మర్చిపోలేదు.

పత్రిక వేరు, మ్యాగజైన్ వేరు

దినపత్రికకు చాలాసార్లు ఒక్క ఫొటో చాలు. మ్యాగజైన్‌కు వరుస ఫొటోలతో కథ చెప్పాలి. అర్థశాస్త్రం చదివి కెమెరా పట్టిన బ్రెజిల్‌వాసి సెబాస్టియావ్ సల్గాడో 1989లో ధన్‌బాద్ బొగ్గు గని కార్మికులను ఫొటోలు తీశారు. అవి 1993లో వచ్చిన 'వర్కర్స్' పుస్తకంలో చేరాయి.

మీ చుట్టూ ఉన్న కథలు చూడండి. రాత్రి షిఫ్ట్ దిగిన నాన్న పగటి నిద్ర, ఓపెన్‌కాస్ట్ పక్కన దుమ్ము పట్టిన పల్లె, కారుణ్య నియామకం కోసం ఎదురుచూసే ఇల్లు. బయటినుంచి వచ్చినవారికి ఈ ఇళ్ల తలుపులు అంత తేలిగ్గా తెరుచుకోవు. మీకు తెరుచుకుంటాయి.

ఇవి మరవొద్దు

గని ఆవరణలో ఫొటోలకు యాజమాన్యం అనుమతి తప్పనిసరి. భూగర్భ గనిలో మీథేన్ గ్యాస్ ఉండొచ్చు, నిప్పురవ్వ పడితే పేలుడే. అందుకే మామూలు కెమెరా, సెల్‌ఫోన్ లోపలికి తీసుకెళ్లొద్దు. ప్రమాదం జరిగిన ఇంట్లో ఏడుస్తున్నవారి ముఖం మీద కెమెరా పెట్టకండి. ముందు అడగండి, వద్దంటే తిరిగి రండి. రేపు మళ్లీ ఆ వాడలోనే తిరగాలి మీరు.

చదువు.. సంపాదన

హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ ఉంది. ఢిల్లీ జామియా మిలియాలో డిగ్రీ తర్వాత స్టిల్ ఫొటోగ్రఫీలో పీజీ డిప్లొమా చేయొచ్చు. చేరే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి.

మ్యాగజైన్లలో జీతంతో ఉండే కొలువులు తక్కువ. చాలామందిది ఫ్రీలాన్సింగే. నెలనెలా ఇంత వస్తుందన్న భరోసా ఉండదు. పెళ్లిళ్ల ఫొటోలు తీసి ఇల్లు గడుపుకొంటూ సొంత కథలు చేసుకోవడం చిన్నతనమేం కాదు. ఈ మాట ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

కెమెరా లేదా? ఫోన్‌తోనే మొదలెట్టండి. ఒక్క కుటుంబాన్ని నెలరోజులు గమనించి పది ఫొటోలు ఎంచండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది సరిచూసుకుని ఒక్కోదానికి రెండు వాక్యాల వ్యాఖ్య రాయండి. ఎడిటర్ దగ్గరికి వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ల కన్నా ముందు వాటినే బయటికి తీయండి.