విగన్: ఆల్చిప్పల కిటికీల ఊరు

ఫిలిప్పీన్స్‌లోని విగన్ ఫోటోలు చూసి, స్పెయిన్‌లో ఊరిని ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టారేమో అనుకున్నాను. సగమే నిజం. 1572లో హువాన్ దె సాల్సెదో అనే స్పానిష్ సేనాని పట్టణం కట్టకముందే చైనా వర్తకులు అక్కడికి వచ్చిపోతుండేవాళ్లు. తర్వాత వాళ్ల సంతతే డబ్బు సంపాదించి, కాయే క్రిసోలోగో వీధి చుట్టూ ఆ పెద్ద ఇళ్లు కట్టించింది. కింద రాయి, ఇటుక: సరుకులకి, బండికి. పైన చెక్క: మనుషులు ఉండేది అక్కడ.

నన్ను ఆపేసింది మాత్రం కిటికీలు. గాజు లేదు! పల్చటి ఆల్చిప్పల్ని చిన్న చిన్న చదరాలుగా కోసి చెక్క చట్రాల్లో బిగించారు. వెలుగు మెత్తగా లోపలికొస్తుంది, ఎండ గుచ్చదు. పేరు కాపిజ్. అదే జాతి ఆల్చిప్ప మన కాకినాడ తీరంలోనూ ఉంది (మా రూమ్మేట్‌ది కాకినాడే, వాడికీ తెలీదు).

1999లో యునెస్కో విగన్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2022 జూలైలో పక్కనున్న అబ్రాలో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చి, ఇక్కడి పాత ఇళ్లు చాలా దెబ్బతిన్నాయి. వీటికి సిమెంట్ పూసేస్తే సరిపోదు. సున్నంతో కట్టిన గోడ తేమ పీల్చుకుని వదుల్తూ ఉంటుంది. సిమెంట్ ఆ దారి మూసేస్తుంది, కొన్నాళ్లకి లోపలి మెత్తటి ఇటుకే పొడిపొడిగా రాలుతుంది.